మాజీ సైనికుల కుటుంబాలకు రాష్ట్రంలో దక్కేవి: కార్డు నుంచి భూమి దాకా ఏది ఎలా చేయించుకోవాలి

ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ మాజీ సైనికుల హక్కులన్నీ ఒకేచోట రాసిన చట్టం లేదు. ఉద్యోగాల కోటా సర్వీసు నిబంధనల్లో ఉంటుంది. ఇంజనీరింగ్ సీట్ల కోటా విద్యాశాఖ జీవోల్లో, భూమి సంగతి రెవెన్యూ జీవోల్లో, ఇంటిపన్ను మినహాయింపు మున్సిపల్, పంచాయతీ ఉత్తర్వుల్లో ఉంటాయి. పింఛను, స్కాలర్‌షిప్, గ్రాంట్లు కేంద్రం ఇచ్చేవి. శాఖలు ఎన్ని ఉన్నా దాదాపు ప్రతి దరఖాస్తుకూ జిల్లా సైనిక సంక్షేమాధికారి సంతకం గానీ ఆయన ఇచ్చిన కార్డు గానీ కావాల్సిందే.

అర్హత లేక తిరిగొచ్చే దరఖాస్తులు తక్కువే. డిశ్చార్జి బుక్కులో (సైన్యం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం) ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉండి ఆగిపోయేవే ఎక్కువ. అందుకే ఇక్కడ పథకాలకంటే ముందు కాగితాల గురించి చెబుతున్నాం.

మాజీ సైనికుడు అంటే ఎవరు

సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల్లో ఏ ర్యాంకులో చేసినా, పింఛనుతో బయటికి వచ్చినవాళ్లందరూ మాజీ సైనికులే. పింఛనుకు సరిపడా సర్వీసు పూర్తయ్యాక సొంత కోరికతో వచ్చినా లెక్కలోకి వస్తారు. వైద్య కారణాలతో పింఛనిచ్చి పంపినవాళ్లు, ఒప్పందం ప్రకారం నిర్ణీత కాలం పూర్తిచేసి గ్రాట్యుటీతో వచ్చినవాళ్లు, సిబ్బంది కుదింపులో వచ్చినవాళ్లు కూడా అంతే. పింఛనుకు సరిపడా సర్వీసు కాకముందే సొంత కోరికతో వచ్చేసినవాళ్లు, క్రమశిక్షణ కింద తొలగించినవాళ్లు రారు.

రెండు విషయాల్లో చాలామంది పొరబడుతున్నారు. నాలుగేళ్లు పూర్తిచేసి బయటికొచ్చే అగ్నివీరులకు మాజీ సైనికుడి హోదా లేదు. కేంద్ర బలగాల్లో వాళ్లకు ఇచ్చే కోటా వేరే సంగతి, దానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంతో పనిలేదు. ఇక సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి దళాలు హోంశాఖ కిందివి. వాళ్ల పిల్లల స్కాలర్‌షిప్ కూడా ఆ శాఖదే, దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో చేయాలి. యూనిఫాం ఒకేలా కనిపించినా ఫైలు తిరిగే దారి వేరు.

కార్డు చేయించుకోవడం

శాశ్వత చిరునామా ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనే పేరు నమోదు చేయించుకోవాలి. వెంట తీసుకెళ్లాల్సినవి: అసలు డిశ్చార్జి బుక్కు, అందులో రాత ఉన్న ప్రతి పేజీ జిరాక్సు, పీపీవో (పింఛను మంజూరు ఉత్తర్వు), ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, చిరునామా రుజువు, విడి ఫొటోలు, భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో. జిరాక్సులు మూడు సెట్లు తీయించి పెట్టుకోండి. కార్యాలయంలో ఒకటి ఉండిపోతుంది, మీ సర్వీసు వివరాలు ఉండే సైనిక రికార్డు ఆఫీసుకు ఒకటి పోతుంది, మూడోది మీ దగ్గర ఉండాలి.

డిశ్చార్జి బుక్కు చూపించేముందు కుటుంబ వివరాల పేజీ తెరిచి చూడండి. భార్య పేరు, పెళ్లి తేదీ, పిల్లలందరి పేర్లు, పుట్టిన తేదీలు ఉన్నాయా? డిశ్చార్జి అయ్యాక పుట్టిన పిల్లలు అందులో ఉండరు. వాళ్ల పేర్లు తర్వాత ఎక్కించుకోవాలి. బిడ్డ పుట్టిన ఏడాదిలోనే చేస్తే జనన ధ్రువపత్రంతో పోయే పని, పదిహేడేళ్లు ఆగి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు వచ్చాక మొదలుపెడితే కౌన్సెలింగ్ గడువులో తేలదు.

ఒక జిల్లాలో నమోదై ఇంకో జిల్లాకు కాపురం మార్చినవాళ్లు పాత కార్యాలయం నుంచి రికార్డు బదిలీ చేయించుకోవాలి. 2014లో రాష్ట్రం విడిపోయాక, ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక, చాలామంది ఫైలు ఒకచోట, ఇల్లు ఒకచోట అన్నట్టు ఉన్నారు. కొత్త జిల్లాలో అడిగితే మీ పేరు లేదంటారు. పాత ఉమ్మడి జిల్లా కేంద్రంలో అడగండి, అక్కడ దొరికే అవకాశమే ఎక్కువ.

పేర్లు కలవకపోతే

తెలుగువాళ్లకు ఈ బాధ మిగతావాళ్లకంటే ఎక్కువ, కారణం ఇంటిపేరు. భర్తీ రోజున గుమాస్తా ఇంటిపేరును చివర రాసి ఉండొచ్చు, పొడి అక్షరంగా కుదించి ఉండొచ్చు, అసలు వదిలేసి ఉండొచ్చు. భార్యకు రికార్డులో పుట్టింటి పేరు ఉంటే ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటుంది. పిల్లల పుట్టిన తేదీ రికార్డులో ఒకటి, బడిలో వేసింది ఇంకొకటి.

ముందు తేల్చుకోవాల్సింది ఏ కాగితాన్ని మార్చాలన్నది. పదో తరగతి మెమో, ఆధార్ ఒకేలా ఉండి సైనిక రికార్డు ఒక్కటే తేడాగా ఉంటే రికార్డునే సరిచేయించండి. మెమోను కదిలిస్తే ఇంటర్, డిగ్రీ అన్నీ కదిలించాలి. రికార్డు, పీపీవో, పాన్ ఒకేలా ఉండి ఆధార్ ఒక్కటే తేడాగా ఉంటే ఆధార్ మార్చుకోవడం చౌక, త్వరగా తేలుతుంది. భార్య విషయంలో తొందరపడి ఆధార్ మార్చకండి. ఆమె పేరున ఉన్న బ్యాంకు ఖాతా, ఇంటి పత్రాలు, ఓటరు కార్డు అన్నీ ఒక వరసలో ఉంటే రికార్డు మార్చడమే మేలు.

రికార్డు మార్చే క్రమం ఇది. తేడా ఏమిటో, సరైనది ఏదో రాస్తూ దరఖాస్తు. రెండు పేర్లూ ఒకరివేనని చెప్పే అఫిడవిట్, వీలైతే మొదటి తరగతి మేజిస్ట్రేటు ముందు చేసినది. పేరు పూర్తిగా మారుతుంటే ఒక తెలుగు పత్రికలో, ఒక ఇంగ్లిష్ పత్రికలో ప్రకటన వేయించి ఆ పేజీలు మొత్తంగా (కత్తిరించిన ముక్కలు కాదు, తేదీ కనిపించాలి) జత చేయాలి. పిల్లలకైతే జనన ధ్రువపత్రం, మెమో. ఇవన్నీ జిల్లా సైనిక సంక్షేమాధికారి ధ్రువీకరించి పంపితే రికార్డు ఆఫీసు పార్ట్-2 ఆర్డరు (రికార్డులో మార్పును నమోదు చేసే ఉత్తర్వు) వేస్తుంది. పింఛనుకు సంబంధించిన మార్పయితే పీపీవోకు సవరణ వస్తుంది.

దరఖాస్తు ఎక్కడికి వెళ్లాలన్నది మీరు పనిచేసిన విభాగాన్ని బట్టి. ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు విభాగం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి విభాగం) రికార్డులు సికింద్రాబాదులోనే ఉన్నాయి. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, ఆర్మీ సర్వీస్ కోర్ అయితే బెంగళూరు, సిగ్నల్స్ అయితే జబల్పూర్, మెడికల్ కోర్ అయితే లక్నో. నావికుల రికార్డులు ముంబైలో, వైమానిక దళం వాళ్లవి ఢిల్లీలో. ప్రతి కవరు మీదా, ప్రతి పేజీ పైనా సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు రాయండి. సర్వీసు నంబరు లేని ఉత్తరాన్ని అక్కడ ఎవరి ఫైలులో పెట్టాలో తెలియక పక్కన పడేస్తారు.

రాష్ట్ర ఉద్యోగాల్లో కోటా

ఉమ్మడి రాష్ట్రపు 1996 స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌ను రెండు రాష్ట్రాలూ కొనసాగిస్తున్నాయి. అందులోని 22వ నిబంధన కింద మాజీ సైనికులకు 2 శాతం. ఇది అడ్డంగా వర్తించే కోటా, అంటే బీసీ అభ్యర్థి మాజీ సైనికుడిగా ఎంపికైతే బీసీ లెక్కలోనే పడతాడు. కాబట్టి కులధ్రువీకరణ పత్రం కూడా సిద్ధంగా ఉండాలి. మాజీ సైనికుడి కార్డు ఉంది కదా అని దాన్ని వదిలేస్తే ఓపెన్ కేటగిరీలో కూర్చోబెడతారు.

వయసు లెక్క చాలామంది తప్పు వేస్తారు. సైన్యంలో చేసిన సర్వీసు మొత్తం, దానికి 3 ఏళ్లు కలిపి మీ వయసులోంచి తీసేయాలి. 17 ఏళ్లు చేసి ఇప్పుడు 44 ఏళ్లున్న వ్యక్తి లెక్కకు 44 లోంచి 20 పోగా 24 ఏళ్లవాడు. సర్వీసు ఎన్నాళ్లన్నది డిశ్చార్జి బుక్కులో ఉన్న తేదీల ప్రకారమే తీసుకోండి, గుర్తున్నదాన్ని బట్టి వేయకండి.

పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేసి, సైనిక విద్యా ధ్రువపత్రం ఉన్నవాళ్లను డిగ్రీ ఉన్నవాళ్లతో సమానంగా చూడటం కేంద్ర గ్రూప్-సి ఉద్యోగాల నిబంధన. సాంకేతిక అర్హత అడిగే పోస్టులకు అక్కడా చెల్లదు. రాష్ట్ర నోటిఫికేషన్లలో అదే వర్తిస్తుందని అనుకుని ఫీజు కట్టకండి. అర్హతల పేరాలో ఆ మాట రాసి ఉంటేనే దరఖాస్తు పెట్టండి. కేంద్ర ఉద్యోగాల్లో గ్రూప్-సి కి 10 శాతం కోటా ఉంది. సర్వీసు పూర్తి కావడానికి ఏడాది ముందు నుంచే, యూనిట్ నుంచి ఎన్‌వోసీ తెచ్చుకుని దరఖాస్తు చేయొచ్చు.

కోటాలో ఒక సివిల్ ఉద్యోగంలో చేరితే అక్కడితో ఆ కోటా వాడుకున్నట్టే. కేంద్ర నిబంధనల్లో చిన్న వెసులుబాటు ఉంది: చేరకముందే వేరే పోస్టులకు పెట్టిన దరఖాస్తుల వివరాలు, తేదీలతో సహా, చేరేటప్పుడు యాజమాన్యానికి స్వీయ ప్రకటనగా రాసిస్తే వాటికి కోటా కొనసాగుతుంది. చేరిన రోజునే ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. నెల తర్వాత గుర్తొస్తే ఎవరూ ఒప్పుకోరు.

పిల్లల సీట్లు

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో సైనిక సిబ్బంది పిల్లలకు 2 శాతం సీట్లు, దీన్నే క్యాప్ కేటగిరీ అంటారు. దరఖాస్తులో ఆ గడిలో టిక్కు పెట్టడం మొదటి మెట్టు మాత్రమే. ప్రత్యేక కేటగిరీల ధ్రువపత్రాల తనిఖీ మామూలు హెల్ప్‌లైన్ కేంద్రాల్లో కాకుండా నిర్దేశించిన కేంద్రంలో, ర్యాంకుల వారీ తేదీల్లో జరుగుతుంది. ఆ తేదీ దాటితే అభ్యర్థి మామూలు కేటగిరీలోకి పోతాడు. అక్కడికి అసలు డిశ్చార్జి బుక్కు, సంక్షేమాధికారి ఇచ్చిన గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. తండ్రి ఇంకా సర్వీసులో ఉంటే యూనిట్ ఇచ్చే సర్వీసు సర్టిఫికెట్టు కావాలి. అది ఎక్కడో లద్దాఖ్ నుంచి రావాలి కాబట్టి పరీక్ష రాసిన వారంలోనే అడిగి తెప్పించుకోండి.

ఈ 2 శాతంలోనూ వరస ఉంటుంది. యుద్ధంలో ప్రాణాలిచ్చినవాళ్ల పిల్లలు ముందు, తర్వాత గాయపడి బయటికి పంపబడినవాళ్ల పిల్లలు, ఆ తర్వాత శౌర్య పతకాలు పొందినవాళ్ల పిల్లలు, చివర మిగతావాళ్లు. పతకం ఉన్నవాళ్లు ఆ ఉత్తర్వు నకలు తీసుకెళ్లకపోతే చివరి వరసలో నిలబడాల్సి వస్తుంది.

అసలు చిక్కు స్థానికత. తండ్రి బదిలీల వెంట పఠాన్‌కోట్‌లోనో జోధ్‌పూర్‌లోనో ఆర్మీ స్కూల్లో చదివిన పిల్లవాడు నాలుగేళ్లు వరుసగా ఇక్కడ చదివినట్టు చూపలేడు, కాబట్టి స్థానికుడు కాడు. అతనికి మిగిలేది అన్‌రిజర్వుడ్ 15 శాతం సీట్లు. వాటికి అర్హత తెచ్చే దారుల్లో మీకు పనికొచ్చేది ఒకటుంది: తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలం తీసేసి, రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివాసం ఉండటం. భర్తీకి ముందు ఊళ్లో పెరిగిన పద్దెనిమిదేళ్లు ఇక్కడ లెక్కకొస్తాయి. తండ్రి సొంత మండలం తహసీల్దారు నుంచి ఆ నివాస ధ్రువపత్రం తీసుకోవాలి, దరఖాస్తుకు తండ్రి స్కూలు రికార్డులు జత చేస్తే పని సులువు. పశ్చిమ గోదావరి జిల్లా మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఈ పత్రం ఎలా ఇవ్వాలో కార్యాలయాలకు అలవాటే. మిగతాచోట్ల అడ్మిషన్ నిబంధన నకలు చేతిలో పట్టుకుని వెళ్లండి. మెడిసిన్ స్థానికత నిబంధనలు వేరు, ఆ ఏటి నోటిఫికేషన్ విడిగా చదవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో పాత సైనిక్ స్కూళ్లు రెండు ఉన్నాయి, విజయనగరం జిల్లా కోరుకొండలో, కలికిరిలో. ఆరో తరగతి, తొమ్మిదో తరగతి ప్రవేశాల్లో సైనిక సిబ్బంది, మాజీ సైనికుల పిల్లలకు 25 శాతం కోటా ఉంటుంది.

నగదు సాయాలు

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు, ఏడాదికి ఒకసారి ఖాతాలో వేస్తారు. దేశం మొత్తానికి ఏడాదికి 5,500 మందికే. ఇంటర్ లేదా డిప్లొమాలో 60 శాతం ఉండాలి, వృత్తివిద్యా కోర్సులో చేరిన మొదటి ఏడాదే దరఖాస్తు చేయాలి. రెండో ఏడాదిలో తెలిసి వచ్చేవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉంటారు, వాళ్లకు చేయగలిగిందేమీ లేదు. దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైటులో. సంక్షేమాధికారి సంతకం కావాల్సిన పత్రం, కాలేజీ బోనఫైడ్ ఆ వెబ్‌సైటులో ఉన్న నమూనాలోనే ఉండాలి. కాలేజీ సొంత లెటర్‌హెడ్ మీద ఇచ్చినది తిప్పి పంపుతారు.

హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకులవాళ్లకు రక్షణమంత్రి నిధి నుంచి గ్రాంట్లు ఉన్నాయి. 2025 నవంబరు 1 నుంచి వచ్చిన దరఖాస్తులకు మొత్తాలు రెట్టింపయ్యాయి. పింఛను లేని, 65 ఏళ్లు దాటిన పేద మాజీ సైనికుడికి లేదా, అతను చనిపోతే, అతని వితంతువుకు నెలకు 8,000. ఇద్దరు పిల్లల వరకు ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా తలకు నెలకు 2,000. కూతురి పెళ్లికి, ఇద్దరు కూతుళ్ల వరకు, లక్ష రూపాయలు. పెళ్లి గ్రాంటుకు పెళ్లయిన 180 రోజుల్లోపు దరఖాస్తు పడాలి. పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం లేకుండా శుభలేఖ, ఫొటోలు మాత్రమే పెట్టి సమయం పోగొట్టుకోకండి. రెండో ప్రపంచయుద్ధం తరం తర్వాత, పింఛను రాకుండా గ్రాట్యుటీతో వచ్చినవాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు 8,000 గ్రాంటు సంగతి చెప్పేవాళ్లే లేరు. మీ ఊళ్లో ఎవరైనా ఉంటే వాళ్ల డిశ్చార్జి బుక్కు ఒకసారి తీయించి చూడండి.

అసైన్డు భూమి

మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి మెట్ట అయితే 5 ఎకరాల వరకు, మాగాణి అయితే రెండున్నర ఎకరాల వరకు అసైన్ చేసే పద్ధతి ఉంది. కొత్తగా కోరేవాళ్లు సంక్షేమాధికారి సిఫారసుతో తహసీల్దారుకు దరఖాస్తు చేస్తారు. ఇప్పుడు పంచడానికి భూమి ఉన్న మండలాలు చాలా తక్కువ, అందుకని ఫలానా సర్వే నంబరులో ఖాళీ ప్రభుత్వ భూమి ఉందని చూపించి అడిగిన దరఖాస్తుకే కాస్త కదలిక ఉంటుంది.

ఎప్పుడో ఇచ్చిన భూమిని అమ్ముకోవడంలోనే అసలు గొడవ. 1977 అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం భూమిలేని పేదలకిచ్చిన భూమి చేతులు మారకుండా ఆపుతుంది. మాజీ సైనికులకు మాత్రం 1993 నవంబరు 11 నాటి రెవెన్యూ జీవో 1117 ప్రకారం అసైన్ చేసిన పదేళ్ల తర్వాత అమ్ముకునే వీలుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ మిగతా పేద అసైనీలకు ఇరవై ఏళ్ల గడువు పెట్టింది, దాన్ని దీంతో కలపకండి. అయితే సబ్‌రిజిస్ట్రారు దగ్గరున్న 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక) అసైన్డు భూమి అన్నది ఒక గుంపుగా ఎక్కింది. మాజీ సైనికుడిదా, మామూలు పట్టానా అని అప్పుడు విడదీయలేదు. మీ భూమి ఇంకా ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ ఆగుతుంది.

దాన్ని తీయించాలంటే:

1. డీ-పట్టా (అసైన్ చేసిన భూమికి ఇచ్చే పట్టా) చూడండి. ఏ కోటాలో ఇచ్చారన్నది అందులోనో, అసైన్‌మెంటు ఉత్తర్వులోనో రాసి ఉండాలి. మాజీ సైనికుడే అయినా భూమిలేని పేదవాడి కోటాలో పట్టా పుచ్చుకుని ఉంటే పదేళ్ల వెసులుబాటు అడగడం కష్టం.
2. పట్టా పోయి ఉంటే తహసీల్దారు కార్యాలయంలో అసైన్‌మెంటు రిజిస్టరు, ఆ ఫైలు ధ్రువీకృత నకలు అడగండి. లేదని నోటిమాటగా చెబితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా తీసుకోండి.
3. పదేళ్లు అసైన్‌మెంటు ఉత్తర్వు తేదీ నుంచి లెక్క. పాస్‌బుక్ వచ్చిన తేదీ నుంచి కాదు.
4. పట్టా, ఉత్తర్వు, డిశ్చార్జి బుక్కు, సంక్షేమాధికారి ధ్రువపత్రం, ప్రస్తుత అడంగల్ లేదా పహాణీ, ఈసీ (భూమి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) జతచేసి కలెక్టరుకు దరఖాస్తు చేయండి. తెలంగాణలో భూ రికార్డుల పని ఇప్పుడు భూభారతి పోర్టల్‌లో జరుగుతుంది.
5. తహసీల్దారు విచారణకు వచ్చే రోజున భూమి మీద మీరు లేదా మీ వారసులు ఉండాలి. సాగులో ఇంకెవరో కనిపిస్తే ముందే అమ్మేశారని నివేదిక రాస్తారు.

పదేళ్లు నిండకముందే తెల్లకాగితం మీద అమ్మేసి డబ్బు తీసుకున్నవాళ్లు, ఇప్పుడు కొన్నవాళ్ల కోసం ఎన్‌వోసీ తెద్దామని తిరుగుతుంటారు. అది కుదరదు సరికదా, నిబంధన ఉల్లంఘించారని భూమిని వెనక్కి తీసుకునే నోటీసు వచ్చే ప్రమాదం ఉంది. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే పట్టిక కూడా జత చేయండి. లేకపోతే భూమి గుర్తించలేకపోయామన్న ఒక్క వాక్యంతో ఫైలు మూస్తారు.

ఇంటిపన్ను

సొంతంగా నివసించే ఒక ఇంటికి మినహాయింపు ఉంటుంది, అద్దెకిచ్చిన ఇంటికి, దుకాణానికి వర్తించదు. ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల్లో 2025లో దీన్ని సర్వీసులో ఉన్న సైనికులందరి ఇళ్లకూ విస్తరించారు. ఇల్లు సైనికుడి పేరున గానీ భార్య పేరున గానీ ఉమ్మడిగా గానీ ఉండాలి. తండ్రి పేరున ఉంటే రాదు. సంక్షేమాధికారి పత్రంతో పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు ఇచ్చి, డిమాండు రిజిస్టరులో ఎక్కించారో లేదో చూడండి. నోటితో సరేనన్నా రిజిస్టరులో ఎక్కకపోతే మార్చిలో మళ్లీ నోటీసు వస్తుంది, బకాయితో కలిపి.

మాజీ సైనికుడు చనిపోతే భార్య చేయాల్సినవి

మరణ ధ్రువపత్రం కనీసం ఆరు అసలు ప్రతులు తీసుకోండి. మొదట స్పర్శ్ పోర్టల్‌లో (రక్షణశాఖ పింఛన్ల వెబ్‌సైటు) మరణం నమోదు చేయాలి. చేతకాకపోతే సంక్షేమ కార్యాలయంలో గానీ సీఎస్‌సీలో (కామన్ సర్వీస్ సెంటర్) గానీ చేయిస్తారు. ఆ తర్వాత రికార్డు ఆఫీసుకు ఉత్తరం. పీపీవోలో భార్య పేరు, పుట్టిన తేదీ, కుటుంబ పింఛను వివరాలు సరిగా ఉంటే కుటుంబ పింఛను పెద్దగా తిరగకుండానే మొదలవుతుంది.

ఆయన ఖాతాలో పడ్డ తర్వాతి నెలల పింఛను ఏటీఎంలో తీయకండి. అది వెనక్కి కట్టాల్సిన డబ్బు, కుటుంబ పింఛనులోంచి కోసుకుంటారు.

పదవీ విరమణ తర్వాత చనిపోయిన సైనికుడి భార్యకు పెంచిన రేటులో కుటుంబ పింఛను 7 ఏళ్లు లేదా ఆయనకు 67 ఏళ్లు నిండేదాకా, ఏది ముందైతే అది వస్తుంది. తర్వాత మామూలు రేటు, అంటే చివరి జీతం లెక్కలో 30 శాతం. సర్వీసులో ఉండగా చనిపోతే పెంచిన రేటు 10 ఏళ్లు. ఆ తేదీ పీపీవోలోనే ఉంటుంది, పింఛను తగ్గిన నెలలో కంగారు పడకుండా ముందే చూసుకోండి.

చివరగా ఆమె పేరున కార్డు. భర్త కార్డు అప్పగించి, సంక్షేమ కార్యాలయంలో వితంతువుగా కొత్త గుర్తింపు కార్డు తీసుకోవాలి. పిల్లల స్కాలర్‌షిప్, గ్రాంట్లు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు మార్పు అన్నిటికీ దీని నంబరే అడుగుతారు. డిశ్చార్జి బుక్కు అసలుది మాత్రం ఎవరికీ ఇచ్చి రాకండి. చూపించండి, జిరాక్సు ఇవ్వండి, వెంట తెచ్చుకోండి.